మూత ఎత్తను గాక ఎత్తను

ఏప్రిల్ 20, సోమవారం. పొద్దున 9:00

ఈ నోటుపుస్తకం డాక్టరమ్మ ఇచ్చింది. రోజుకి ఎన్నిసార్లు దగ్గానో, ఎన్నిసార్లు మందు పీల్చానో రాయమంది. రాయను. అంతకన్నా పెద్ద పని పడింది.

విషయం ఇది. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులు మొరాయించి పదకొండు రోజులు ఆసుపత్రిలో పడున్నాను. ఇంకోసారి పొగ దగ్గరికి వెళ్తే ఇంటికి తిరిగి రావని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. పొగ లేకపోతే నేనేంటి? పెరట్లో ఇటుకల పొయ్యి నా చేతులతో కట్టుకున్నదే. దాని మీద హికరీ కట్టెలతో కోళ్ళు కాల్చి, మా చర్చి డెకరేషన్ ఆదివారానికి ఇరవై ఏడేళ్ళుగా వండుతున్నాను. ఆ రోజు పొద్దున అందరూ సమాధుల మీద పూలు పెడతారు, మధ్యాహ్నం చెట్ల కింద బల్లలు వేసుకుని తింటారు. చనిపోయినవాళ్ళ కోసం వస్తారో, నా కోడి కోసం వస్తారో నేనెప్పుడూ అడగలేదు.

ఈసారి మే 3న. నూట నలభై మంది. నిన్న కమిటీలో పాస్టర్ ఎల్డ్రిడ్జ్ గారు గొంతు తగ్గించి, "ఈ ఒక్కసారికీ పక్క ఊరి కేటరింగ్ వాళ్ళకి చెబుదామా, బ్రదర్ రేబర్న్?" అన్నారు. ఒక్కసారి చేయి జారితే ఇక అంతే. వచ్చే ఏడు నన్నెవరు పిలుస్తారు? వయసైపోయిందని ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు.

"నేనే వండుతాను. పొగ లేకుండా," అన్నాను. నోరు దాటిన తరవాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

మా ఆవిడ ఇమొజీన్ అటక మీంచి స్లో కుక్కర్ దించింది, అదే, కరెంటు మీద గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే గిన్నె. పొద్దున కోడి తొడలూ సాసూ పడేసి, సన్నసెగ మీద పెట్టి, మూత పెట్టి వదిలేయాలట. సాయంత్రానికి మాంసం పీచులు పీచులుగా విడిపోతుందట. ఒక్కటే నియమం: మధ్యలో మూత ఎత్తకూడదు. ఎత్తిన ప్రతిసారీ అరగంట వెనక్కి పోతుంది.

ఇంతేనా! నేను పద్నాలుగు గంటలు నిప్పుతో కాపురం చేసినవాణ్ణి!

ప్రతిజ్ఞలు:
1. పొయ్యి వైపు వెళ్ళను.
2. మూత ఎత్తను గాక ఎత్తను.
3. ఇమొజీన్ చెప్పినట్టు వింటాను.

ఇమొజీన్ చదివి మూడోదాని కింద గీత గీసింది. "అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడిందా, మా డెవిట్‌ని పొక్లెయిన్ తెమ్మంటాను. పొయ్యి పునాదులతో సహా లేచిపోతుంది," అంది. డెవిట్ ఆమె అన్న కొడుకు. మట్టి పనులు చేస్తాడు. పిలిస్తే వస్తాడు, అదీ నా బాధ.

ఏప్రిల్ 21, మంగళవారం

8:00. కోడి వేశాను. మూత పెట్టాను. మహా సులువు.

8:20. మొదలైందో లేదో చూడాలి కదా. ఒకసారి ఎత్తాను. ఇది లెక్కలోకి రాదు.

9:05. ఇంకా పచ్చిగానే ఉంది.

9:30. ఇంకా పచ్చిగానే ఉంది!

11:00. ముక్కలు తిరగేశాను. తిరగేయకపోతే ఒక పక్కే ఉడకదూ? ఇమొజీన్ వెనక నుంచి, "కింద మంట లేదు మహానుభావా, చుట్టూ వేడే," అంది. చప్పుడు చేయకుండా వస్తుందీ మనిషి.

సాయంత్రం 5:00. మొత్తం పదకొండుసార్లు. పదకొండు అరగంటలు ఎంతో నాకు చెప్పకండి.

6:00. భోజనం వేళ. కోడి సిద్ధంగా లేదు. గుడ్లు వేయించుకుని తిన్నాం.

ఏప్రిల్ 22, బుధవారం

మూతకీ గిన్నెకీ కలిపి ఇమొజీన్ టేపు వేసింది. నాలుగు వైపులా. చంటిపిల్లాడి చేతికి అందకుండా మందుల సీసా దాచినట్టు.

టేపు ఒక వైపు లేపితే అది మూత ఎత్తినట్టు కాదు. కొంచెం సందు చేసి, గంటకోసారి వెనిగర్ నీళ్ళు పోశాను. పొయ్యి మీద కోడికి గంటకోసారి పోయాల్సిందే, లేకపోతే ఎండిపోతుంది. ఇరవై ఏడేళ్ళ అలవాటు ఒక్క టేపుముక్కతో పోతుందా?

కుక్కర్లో ఏదీ ఎండదని సాయంత్రం తెలిసింది. లోపల ఉన్నదంతా లోపలే ఉంటుంది. దానికి నా ఎనిమిది గరిటెలు తోడు.

ఇమొజీన్ గరిటె ముంచి పైకెత్తి చూసింది. "ఇది బార్బెక్యూ కాదు, చారు. గిన్నెలో పోసివ్వు, తాగుతాను," అంది. తాగింది కూడా. నవ్వుతూ తాగింది. ఒళ్ళు మండిపోయింది.

ఏప్రిల్ 24, శుక్రవారం

బుద్ధి పనిచేసింది! కొట్లో పొగ అమ్ముతున్నారు. నిజంగానే, చిన్న సీసాలో, నీళ్ళలా ఉంటుంది. నాలుగు చుక్కలు వేస్తే హికరీ వాసన వస్తుందట. డాక్టరమ్మ పొగ పీల్చొద్దంది గానీ పోయొద్దనలేదు.

10:00. నాలుగు చుక్కలు. వాసన లేదు.

10:15. ఇంకో నాలుగు.

10:30. సీసా చేయి జారింది. (జారింది అనే రాస్తున్నాను.)

మధ్యాహ్నానికి ఇల్లంతా తగలబడిన గోదాములా కంపు. నేను ముందు గదిలో కునుకు తీస్తున్నాను. ఇమొజీన్ బజారు నుంచి వస్తూ వాకిట్లోనే వాసన పట్టి, నన్ను పిలవకుండా నేరుగా పెరట్లోకి పరిగెత్తి, నీళ్ళ పైపు విప్పి పొయ్యిని పైనుంచి కిందిదాకా తడిపేసింది. పొయ్యి చల్లగా ఉందన్న సంగతి తడిపాక చూసుకుంది. అప్పటికే డెవిట్‌కి ఫోను వెళ్ళిపోయింది. పొక్లెయిన్ మా సందు మొదట్లోకి వచ్చేసింది.

"అత్తా, వచ్చినందుకు ఏదో ఒకటి తవ్వి పోనా?" అని అడిగాడు వాడు.

కోడిని వాడికే పెట్టాం. ఒక ముద్ద తిని, "మామయ్యా, చాలా బాగుంది," అని మిగతాది జేబురుమాల్లో చుట్టుకోవడం నేను చూశాను.

సాయంత్రం ఇమొజీన్ పక్కన కూర్చుంది. ఈసారి వెటకారం లేదు. "ఆ ఆసుపత్రి కుర్చీలో పదకొండు రోజులు కూర్చున్నాను. నీ గొట్టాలు గుడగుడమంటుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇంకోసారి కూర్చోలేను, రేబర్న్. నిన్ను ఏడిపించడానికి కాదు ఈ కుక్కరు," అంది. పైపు చుట్టి లోపల పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 26, ఆదివారం

చర్చికి ఒక డబ్బాలో నమూనా పట్టుకెళ్ళాను. నిన్నటిది. నిన్న మూత ఆరుసార్లే ఎత్తాను, అంటే మెరుగైనట్టే.

యూజెల్ పిన్నికి ఎనభై నాలుగు. నా చేతి మొదటి కోడి తిన్నది ఆమే. ప్రార్థన అయ్యాక బయట మెట్ల మీద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"ఏరా రేబర్న్, దీనికి జ్వరమేమైనా వచ్చిందా?"

"లేదు పిన్నీ."

"మరి ఆసుపత్రి తిండిలా ఉందేం?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పాస్టర్ గారు పక్కకి పిలిచి, కేటరింగ్ వాళ్ళు బుధవారంలోగా చెప్పమన్నారన్నారు. "మీ మాట మీద గౌరవం ఉంది, బ్రదర్. కానీ నూట నలభై మంది..." అని ఆగిపోయారు.

ఇంటికొచ్చి కోటు విప్పకుండా కూర్చున్నాను. నిజం రాస్తాను, ఎవరూ చదవరు కాబట్టి. నాకు భయంగా ఉంది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు సర్దాను, రిటైరైన రోజున నాకేం అనిపించలేదు. ఇది పోతే మాత్రం ఏమీ మిగలదు.

ఏప్రిల్ 28, మంగళవారం

ఇమొజీన్ ఉపాయం: మనిషే ఇంట్లో లేకపోతే మూత ఎవరెత్తుతారు?

8:30. కోడి వేశాను. నన్ను బయటికి తోసి తలుపు గడియ పెట్టింది. తాళంచెవి కూడా లాక్కుంది. చేతిలో గేలం, ఒక సంచిలో మందు పీల్చే గొట్టం, రెండు రొట్టెలు.

చెరువు దగ్గర ఆరు గంటలు. చేపలు పడలేదు. కుక్కర్ గురించే ఆలోచించాను. ఒంటిగంటకి వెనక్కి వచ్చి వంటింటి కిటికీలోంచి చూశాను. ఇమొజీన్ కర్టెన్ మూసేసింది.

సాయంత్రం 5:00. తలుపు తెరిచింది. ఇద్దరం కలిసి మూత ఎత్తాం.

అబ్బా!

ఫోర్కు తగిలిస్తే చాలు, ఎముక జారి పక్కకి వచ్చేసింది. పీచులన్నీ వాటంతటవే విడిపోయాయి. ఎర్ర సాసు తియ్యగా ఉంది, అది మావాళ్ళ నోటికి పడదు. వడకట్టేసి మా పద్ధతిలో తెల్ల సాసు కలిపాను: మయొనైజు, వెనిగరు, దండిగా మిరియాలు. బన్నులో పెట్టి ఇమొజీన్‌కి ఇచ్చాను. మొత్తం తినేసింది. రెండోది అడిగింది. ఈమె రెండోది అడగడం నేను చూసి ఎన్నేళ్ళయిందో!

పాస్టర్ గారికి ఫోను చేశాను. "కేటరింగ్ వాళ్ళకి నమస్కారం చెప్పండి," అన్నాను.

ఏప్రిల్ 30, గురువారం

అరవై పౌండ్ల తొడలు. ఒక కుక్కర్‌లో ఏడు పౌండ్లకి మించి పట్టవు. తొమ్మిది కుక్కర్లు కావాలి. ఇమొజీన్ ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. సాయంత్రానికి మా వరండా నిండా కుక్కర్లే. ప్రతిదాని మీదా టేపు మీద పేరు. ఒకటి పువ్వులది, ఒకటి ఆకుపచ్చది, ఒకదానికి కాలు లేదు. యూజెల్ పిన్నిది నా పెళ్ళినాటిది. తిప్పే మీట తప్ప ఏ ఒక్కదానికీ దీపం గీపం లేదు.

వచ్చిన ప్రతి ఆవిడా ఒకటే మాట: "రేబర్న్, మూత ఎత్తకు సుమా!"

ఊరంతా తెలిసిపోయింది. ఇమొజీన్‌ని అడిగాను. నేనెవరికీ చెప్పలేదంది. డెవిట్‌కి మాత్రం చెప్పిందట.

మే 2, శనివారం

సాయంత్రం 4:00. చర్చి భోజనాల హాలు మా ఇంటికి ఎదురుగానే, రోడ్డు దాటితే చాలు. తొమ్మిదింటినీ తోపుడుబండి మీద మూడు విడతల్లో చేర్చాం.

5:30. గోడ పక్కన వరసగా పెట్టాం. ప్లగ్గులన్నీ ఆ ఒక్క గోడకే ఉన్నాయి.

6:00. తొమ్మిది మీటలూ సన్నసెగకి తిప్పాను. రేపు పొద్దున ఆరింటికి తీసి, పీచులు తీసి, సాసు కలపాలి. ఇమొజీన్ ఇంటికెళ్ళింది. నేను కాపలా. కాపలా అంటే కాపలానే, చేతులు వెనక్కి కట్టుకుని.

6:15. కాపలాకి కాఫీ లేకపోతే ఎలా? నా కోటు గోడ మీది చీలకి తగిలించి, చర్చి పెద్ద కాఫీ డ్రమ్ముని అక్కడే ప్లగ్గులో పెట్టాను. గుడగుడమంది, తరవాత ఊరుకుంది. అయిపోయిందనుకున్నాను. గోరువెచ్చగా ఉంది. పర్లేదు.

7:00. ఎత్తలేదు.

7:30. ఎత్తలేదు!

8:00. యూజెల్ పిన్ని కుక్కర్ ముందు నిలబడ్డాను. చేయి మూత దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. ఒక్కటీ ఎత్తలేదు. దేవుడి సాక్షిగా తొమ్మిదింటిలో ఒక్కటి కూడా!

8:30. దీపాలార్పి ఇంటికొచ్చాను. ఇమొజీన్‌కి చెప్పాను. నమ్మలేదు. నా కళ్ళలోకి చూసి నమ్మింది. వచ్చి నా నెత్తి మీద ముద్దు పెట్టింది. మాట నిలబెట్టుకున్న మగాడు ఇలా ఉంటాడన్నమాట. గట్టిగా నిద్ర పడుతుందివాళ.

మే 3, ఆదివారం

(ఇదంతా సాయంత్రం కూర్చుని రాస్తున్నాను. అప్పుడు రాసేంత తీరిక లేదు.)

6:00. హాలు తలుపు తీశాను. వాసన లేదు. అరవై పౌండ్ల కోడి ఉడికిన హాల్లో వాసన లేదు.

మొదటి మూత ఎత్తాను. చల్లగా, తెల్లగా, రాత్రి ఎలా వేశానో అలాగే. రెండోది. మూడోది. తొమ్మిదీ అంతే.

చీలకి వదిలేసిన నా కోటు తీశాను. దాని వెనక గోడ మీద కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలతో: ఈ గోడకి కాఫీ డ్రమ్ము పెట్టరాదు, ఫ్యూజు పోతుంది. దీపాలది వేరే లైనట. అందుకే నాకు తెలియలేదు. ఆ గోడ ఆరుంబావుకే చచ్చిపోయింది. నేను రెండుంబావు గంటలు దాని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, నా మాట మీద నేను గర్వపడుతూ ఉన్నాను. ఒక్కసారి, ఒక్కసారి మూత ఎత్తి ఉంటే తెలిసేది!

రాత్రంతా బయట ఉన్న కోడి. జనానికి పెట్టకూడదు. అరవై పౌండ్లూ పారబోశాను. ఏడ్చాను. పారబోస్తూ ఏడ్చాను.

6:40. కాళ్ళు వాటంతటవే పెరట్లోకి తీసుకెళ్ళాయి. కట్టెలు పేర్చాను. జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. ఈ జేబులో అగ్గిపెట్టె ఎందుకుందని అడక్కండి. ఒక్క పూట. ఒక్క పూట పొగకి ఏమీ కాదు. నూట నలభై మంది వస్తున్నారు, వాళ్ళ ముందు ఖాళీ బల్లలు ఎలా చూపించను?

"రేబర్న్."

ఇమొజీన్. నైటీ మీద నా పాత కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు. హాల్లో చూసి వచ్చినట్టుంది. మొహం పాలిపోయి ఉంది.

"పిలువు," అన్నాను. "డెవిట్‌ని పిలువు. తవ్వించెయ్యి. కానీ ఇవాళ్టికి నన్ను వండుకోనివ్వు."

"అగ్గిపెట్టె ఇలా ఇవ్వు."

ఇచ్చాను. నీళ్ళలో పడేస్తుందనుకున్నాను. పుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. రెండోది గీసి కట్టెల కింద పెట్టింది.

"తరవాతేం చేయాలి?" అంది.

నేను ఆ మంట వైపే చూస్తున్నాను.

"ఏం చేయాలో చెప్పు మనిషీ! ఆరు గంటల టైముంది."

డెవిట్‌కి నిజంగానే ఫోను చేసింది, పొక్లెయిన్ కోసం కాదు. వాడు కొట్టు ఓనరుని నిద్రలేపి సగానికి కోసిన కోళ్ళు, మొత్తం డెబ్భై ముక్కలు తెచ్చాడు. ఇమొజీన్ నీళ్ళ పైపుని పెరట్లో అడ్డంగా పరిచింది, గాలి వచ్చే వైపు, పొయ్యికి నలభై అడుగుల దూరంలో. పైపుకి ఇవతల నాకొక కుర్చీ. "ఇది దాటావా, మంట మీద నీళ్ళు పోసి లోపలికి వెళ్ళిపోతాను. విందూ లేదు, గిందూ లేదు," అంది.

కూర్చున్నాను.

8:00. "చర్మం కిందికి కాదు, పైకి!" "అరవకు, దగ్గొస్తుంది." దగ్గొచ్చింది.

9:00. "ఎడమ పక్క కట్టె తోయి. అది కుడి!" "నీకు ఎదురుగా నిలబడితే అదే ఎడమ!"

9:30. కుర్చీలోంచి పద్నాలుగోసారి లేచాను. పైపు దాటలేదు.

10:00. నేను చెప్పకముందే పలచబడ్డ పక్కకి బొగ్గులు లాగింది. ఎలా తెలిసిందని అడిగాను. "ముప్పై ఎనిమిదేళ్ళుగా వంటింటి కిటికీలోంచి నిన్నే చూస్తున్నాను. ఇంకేం పనుంది నాకు?" అంది.

11:30. వాసన వచ్చింది. కడుపు నిండినట్టయింది, తినకుండానే. డెవిట్ పళ్ళేలు మోశాడు. నాకు వంటింట్లో పీచులు తీసే పని ఇచ్చారు. రెండు ఫోర్కులు, పొగ లేదు, అనుమతి ఉంది. వేళ్ళు కాల్చుకుంటూ తీశాను.

12:45. బల్లల దగ్గర ప్రార్థన. తరవాత ప్రతి ఏడూ జరిగేదే: పాస్టర్ గారు వంటవాణ్ణి లేచి నిలబడమంటారు, అందరూ చప్పట్లు కొడతారు. ఇరవై ఏడుసార్లు నిలబడ్డాను. దాని కోసం ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

"బ్రదర్ రేబర్న్, నిలబడండి!"

చప్పట్లు మొదలైపోయాయి. మోకాళ్ళు సగం లేచాయి కూడా. ఎవరికీ ఏమీ తెలియదు. లేచి నిలబడితే ఎవరూ ఏమీ అనరు, ఇమొజీన్ అసలే అనదు.

"నేను కాదు," అన్నాను. "ఇమొజీన్ వండింది."

చప్పట్లు ఆగిపోయాయి. తరవాత యూజెల్ పిన్ని, "అదీ సంగతి! అందుకే ఈ ఏడు ఉప్పు సరిపోయింది!" అని అరిచింది.

ఇమొజీన్ హాలు వంటింటి గుమ్మంలో ఉంది. జుట్టంతా బూడిద, బుగ్గ మీద మసి. అందరూ తన వైపు తిరిగేసరికి వెనక్కి పోబోయింది. డెవిట్ చేయి పట్టి లాక్కొచ్చాడు. చప్పట్లు కొట్టారు. నాకు కొట్టినవాటికన్నా ఎక్కువసేపు కొట్టారు. గుండెలో కలుక్కుమంది, అబద్ధం ఎందుకు. కానీ అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే. అరచేతులు ఇప్పటికీ మండుతున్నాయి.

మే 4, సోమవారం. పొద్దున 10:00

ఇమొజీన్ ఇంకా లేవలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంతసేపు పడుకోవడం ఇదే మొదలు. భుజాలు ఎత్తలేకపోతోంది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "వచ్చే ఏడు కట్టెలు ఇంకాస్త సన్నంగా కొట్టించు, నాకు బరువు," అని మళ్ళీ పడుకుంది. వచ్చే ఏడు! నాకు చెప్పకుండానే తేల్చేసుకుంది.

కుక్కర్లన్నీ కడిగి, పేర్లు చూసి ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చాను. మాది ఒక్కటే మిగిలింది.

ఇన్నేళ్ళూ ఊరంతటికీ వండాను. నూట ఇరవై మందికి, నూట నలభై మందికి. జనం కోసం తప్ప ఒక్కరోజు కూడా వండలేదు. ఆమె ఒక్కదాని కోసం ఎప్పుడైనా వండానా అని చాలాసేపు ఆలోచించాను. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ప్రతిజ్ఞలు చెరిపేశాను. కొత్తవి:
1. ప్రతి సోమవారం రాత్రి భోజనం నాది.
2. చప్పట్లు అడగను.

10:20. నాలుగు తొడలు, ఒక ఉల్లిపాయ. కుక్కర్ సన్నసెగ మీద పెట్టాను. గిన్నె వేడెక్కుతోందో లేదో చేయి పెట్టి చూసుకున్నాను. వేడెక్కుతోంది. ఆమె లేచేసరికి వాసన రావాలి.